ముందు డబ్బు పెట్టేది ఎవరు?

గోడకు టేపుతో అతికించిన అరటిపండు గుర్తుందా? 2019 డిసెంబరులో అమెరికాలోని మయామీ బీచ్‌లో జరిగిన ‘ఆర్ట్ బాసెల్’ అనే అంతర్జాతీయ ఆర్ట్ ఫెయిర్‌లో దాన్ని పెట్టారు. చేసింది ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలన్. పెట్టింది ప్యారిస్‌కు చెందిన పెరోటిన్ గ్యాలరీ. పేరు ‘కమెడియన్’. ధర లక్షా 20 వేల డాలర్లు. అప్పటి లెక్కలో మన డబ్బుల్లో 85 లక్షల రూపాయల దాకా. మూడు ఎడిషన్లూ అమ్ముడుపోయాయి. మధ్యలో డేవిడ్ డటూనా అనే మరో ఆర్టిస్టు వచ్చి, అందరూ చూస్తుండగా పండు ఒలుచుకుని తినేశాడు. గ్యాలరీ వాళ్లు ఇంకో పండు తెచ్చి అతికించారు. చూడటానికి జనం ఎగబడటంతో ఫెయిర్ ఆఖరి రోజున దాన్ని తీసేయాల్సి వచ్చింది.

2024 నవంబరులో అదే ‘కమెడియన్’ ఎడిషన్లలో ఒకటి న్యూయార్క్‌లోని సోత్‌బీస్ వేలానికి వచ్చింది. ఫీజులతో కలిపి 62 లక్షల డాలర్లు పలికింది. అంటే 52 కోట్ల రూపాయలు పైనే. కొన్నది క్రిప్టో వ్యాపారి జస్టిన్ సన్. కొన్న కొద్ది రోజులకు ఆయన కూడా హాంకాంగ్‌లో ప్రెస్‌మీట్ పెట్టి పండు తినేశాడు. వేలంలో పెట్టిన పండును ఆ రోజే దగ్గర్లోని పండ్ల బండి దగ్గర 35 సెంట్లకు కొన్నారు.

ఈ వార్త మన వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చినప్పుడల్లా రెండే కామెంట్లు. ‘ఇదైతే నేనూ చేస్తా’ అనేది మొదటిది. ‘అంతా మోసం బ్రో’ అనేది రెండోది. ఉద్యోగాల పేజీలో ఈ అరటిపండు గోల ఎందుకంటారా? ఎవరూ పెద్దగా గుర్తుపట్టని ఒక మనిషి పనిని మార్కెట్ ముందు నిలబెట్టడానికి ఒక మధ్యవర్తి ఏం చేస్తాడో ఆర్ట్ ఫెయిర్‌లో తేటతెల్లంగా కనిపిస్తుంది. మనకూ మధ్యవర్తులున్నారు. ప్లేస్‌మెంట్ సెల్, కన్సల్టెన్సీ, ‘గ్యారంటీ జాబ్’ ఇన్‌స్టిట్యూట్, విదేశాలకు పంపే ఏజెంటు. వీళ్లలో ఎవరిని నమ్మాలో, ఎవరి దగ్గర్నుంచి లేచి రావాలో తేల్చుకోవడానికి ఆ ఫెయిర్‌లోని స్టాల్ ఒక మంచి గీటురాయి అని నా అభిప్రాయం.

స్టాల్ వెనక లెక్క

ఆర్ట్ బాసెల్ 1970లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఊళ్లో మొదలైంది. మొదలుపెట్టింది ఆ ఊరి గ్యాలరీ యజమానులే. 2002లో మయామీ బీచ్‌కు, 2013లో హాంకాంగ్‌కు, 2022లో ప్యారిస్‌కు విస్తరించింది. మన దేశంలో ఇలాంటిది 2008లో ‘ఇండియా ఆర్ట్ సమ్మిట్’ పేరుతో ఢిల్లీలో మొదలై, ఇప్పుడు ‘ఇండియా ఆర్ట్ ఫెయిర్’గా ఓఖ్లాలోని ఎన్‌ఎస్‌ఐసీ మైదానంలో జరుగుతోంది.

ఆర్ట్ బాసెల్‌కు ఆర్టిస్టు నేరుగా అప్లై చేయలేడు. గ్యాలరీ చేయాలి. మా స్టాల్‌లో ఎవరి పనులు పెడతాం, ఎందుకు పెడతాం అని రాసి పంపాలి. వేరే గ్యాలరీల వాళ్లతో కూడిన కమిటీ ఆ ప్రతిపాదనలు చూసి ఎంపిక చేస్తుంది. సీటు దొరికితే అసలు ఖర్చు అక్కడే మొదలు. చదరపు మీటరు లెక్కన స్టాల్ అద్దె. బొమ్మల కొలతకు తగ్గట్టు చెక్కపెట్టెలు. విమాన కార్గో, ఇన్సూరెన్సు, కస్టమ్స్ కాగితాలు, లైటింగు, స్టాఫ్ టికెట్లు, హోటల్ గదులు. పేరున్న గ్యాలరీల పద్ధతిలో ఈ ఖర్చు సాధారణంగా గ్యాలరీదే. బొమ్మ అమ్ముడైతే వచ్చిన డబ్బును ఆర్టిస్టు, గ్యాలరీ పంచుకుంటారు. ఎక్కువ చోట్ల సగం సగం. అమ్ముడు కాకపోతే? పెట్టెలు సర్దుకుని నష్టంతో ఇంటికి రావాల్సింది గ్యాలరీయే.

సగం కమీషనా, అదో దోపిడీ అనిపించొచ్చు. ఆ అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు డబ్బు ఏ క్రమంలో కదులుతోందో గమనించండి. గ్యాలరీ మొదట ఖర్చు పెడుతుంది, తర్వాత ఆర్టిస్టుకు డబ్బు వస్తుంది, అందులోంచే గ్యాలరీకి వాటా వస్తుంది. ఆర్టిస్టు గెలవకుండా గ్యాలరీ గెలిచే దారి లేదు. నమ్మకం అనే మాటకు వ్యాపారంలో ఇంతకంటే గట్టి రుజువు నాకు తెలిసి లేదు.

కళా ప్రపంచంలో దీనికి సరిగ్గా తిరగేసిన సరుకు కూడా ఉంది. దాన్ని ‘వ్యానిటీ గ్యాలరీ’ అంటారు. ‘మీ పని అద్భుతం, మా ఇంటర్నేషనల్ షోకు సెలెక్టయ్యారు’ అని ఆర్టిస్టుకు మెయిల్ వస్తుంది. చివర్లో గోడ అద్దె, క్యాటలాగ్ ఫీజు, రిజిస్ట్రేషన్ ఫీజు అంటూ ఒక అంకె. ఇక్కడ గ్యాలరీకి కస్టమర్ బొమ్మ కొనేవాడు కాడు. ఆర్టిస్టే. బొమ్మ అమ్ముడైనా, కాకపోయినా గ్యాలరీ ఆదాయం ఎప్పుడో వచ్చేసింది. ఇక కొనేవాళ్లను వెతకాల్సిన అవసరం దానికేముంది?

ఈ పేరాలో ‘గ్యాలరీ’ ఉన్నచోట ‘కన్సల్టెన్సీ’ అని, ‘బొమ్మ’ ఉన్నచోట ‘రెజ్యూమె’ అని పెట్టి ఇంకోసారి చదవండి.

పదేళ్లు మోసినవాళ్లు

పెరోటిన్ గ్యాలరీ యజమాని ఇమాన్యుయెల్ పెరోటిన్ 1990లో, 21 ఏళ్ల వయసులో ప్యారిస్‌లో తన మొదటి గ్యాలరీ తెరిచాడు. ఆయన స్టాల్‌లో కనిపించే పేర్లు ఎక్కడెక్కణ్నుంచి వచ్చాయో చూస్తే ‘మధ్యవర్తి పని’ అంటే ఏమిటో అర్థమవుతుంది.

కాటెలన్‌నే తీసుకోండి. 1960లో ఇటలీలోని పాదువాలో పుట్టాడు. తండ్రి లారీ డ్రైవరు, తల్లి ఇళ్లలో శుభ్రం చేసే పనికి వెళ్లేది. ఆయన ఆర్ట్ కాలేజీ మెట్లెక్కలేదు. చిన్నాచితకా ఉద్యోగాలు చేసి, ఫర్నిచర్ డిజైన్ మీదుగా కళలోకి వచ్చాడు. అరటిపండు అతికించేనాటికి ఆయన వెనక 30 ఏళ్ల పని ఉంది. న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో 2016లో నిజంగా వాడుకునేలా 18 క్యారెట్ల బంగారు టాయిలెట్ పెట్టింది ఆయనే. ‘ఇదైతే నేనూ చేస్తా’ అనేవాళ్లు అరటిపండునే చూస్తారు. కొన్నవాళ్లు ఆ 30 ఏళ్ల ప్రొఫైల్ కూడా చూశారు.

తకాషి మురకామిది ఇంకో దారి. 1962లో టోక్యోలో పుట్టిన ఈయనకు జపాన్ సంప్రదాయ చిత్రకళలో డాక్టరేట్ ఉంది. అది పూర్తయిన 1993లోనే యోకొహామాలో జరిగిన ఒక ఆర్ట్ ఫెయిర్‌లో పెరోటిన్ కంటపడ్డాడు. 1995లో పెరోటిన్ ఆయన పనులను ప్యారిస్‌లో ప్రదర్శించాడు. లూయీ విటాన్ బ్యాగుల మీద మురకామి రంగుల గుర్తులు వచ్చి ప్రపంచమంతా ఆయన పేరు తెలిసింది 2003లో. మొదటి పరిచయం నుంచి ఆ రోజు దాకా పదేళ్లు. ఒక్క ఫెయిర్‌తో ఎవరి తలరాతా మారదు.

మన దేశంతో ముడిపడిన పేరు భారతీ ఖేర్. 1969లో లండన్‌లో పుట్టి, బ్రిటన్‌లో చదువుకుని, 1990ల మొదట్లో ఢిల్లీ వచ్చి స్థిరపడ్డారు. మన అమ్మలు అద్దానికి అంటించి మర్చిపోయే బొట్టుబిళ్లే ఆమె ముడిసరుకు. నేలకొరిగిన నిలువెత్తు ఏనుగు శిల్పం ఒళ్లంతా బొట్టుబిళ్లలతో కప్పిన ఆమె పని 2010లో సోత్‌బీస్ వేలంలో సుమారు 15 లక్షల డాలర్లు పలికింది. ఢిల్లీలోని నేచర్ మోర్ట్, ప్యారిస్‌లోని పెరోటిన్ వంటి గ్యాలరీలు ఆమె పనిని ఏళ్ల తరబడి భుజాన మోశాయి. సూర్యాపేటలో పుట్టి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన శిల్పి జి.రవీందర్‌రెడ్డి చేసిన ఆడవాళ్ల తలలు, బంగారు పూత, కొప్పులో పూలు, కళ్లార్పని ఆ చూపు, విదేశీ మ్యూజియాల దాకా వెళ్లాయి. ఆ ముఖాలు మన బస్టాండులో, మన సంతలో కనిపించే ముఖాలే. ముడిసరుకు ఊరిదైనా ఫర్వాలేదు. ఏళ్లపాటు పట్టు వదలకుండా చేయడం, దాన్ని నమ్మి మోసేవాళ్లు దొరకడం, ఈ రెండూ కుదరాలి.

రాతలో ఏముంది?

‘అంతా మోసం’ అనే రెండో కామెంటుకు వద్దాం. ‘కమెడియన్’ కొన్నవాళ్ల చేతికి నిజానికి వచ్చింది పండు కాదు, ఒక ధ్రువపత్రం, సూచనల పత్రం. పండును నేల నుంచి 175 సెంటీమీటర్ల ఎత్తులో అతికించాలి. వారం పది రోజులకోసారి మార్చాలి. అన్నీ అందులో ఉంటాయి. మన సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది కొత్తేం కాదు. లైసెన్స్ కీ కొంటాం, ఇన్‌స్టాలేషన్ గైడ్ వస్తుంది, ఏ మెషీన్‌లో వేసుకున్నా అదే సాఫ్ట్‌వేర్. పండు ఇక్కడ మెషీన్ లాంటిది. పాడైతే మార్చుకోవచ్చు. అందుకే ఒకాయన తినేసినా కళాఖండానికి ఏమీ కాలేదు.

ఆ ధర సబబేనా అంటే నా జవాబు కాదనే. 35 సెంట్ల పండు, 62 లక్షల డాలర్ల కాగితం. ఈ మధ్య దూరాన్ని కళ అనే ఒక్క మాటతో నింపలేం. అందులో డబ్బున్నవాళ్ల సరదా ఉంది, పేరు కోసం పాకులాట ఉంది. 2019లో ఆ ఫెయిర్ జరుగుతున్న రోజుల్లోనే మయామీలో ఆఫీసు భవనాలు ఊడ్చే కార్మికులు చొక్కాలకు అరటిపండ్లు టేపుతో అంటించుకుని జీతాలు పెంచమని నిరసన చేశారు. ఆ ఏడాది అరటిపండు మీద వచ్చిన వ్యాఖ్యానాల్లో నాకు అన్నిటికంటే సూటిగా తగిలింది అదే. 2021లో బీపుల్ అనే డిజిటల్ ఆర్టిస్టు ఎన్‌ఎఫ్‌టీ క్రిస్టీస్ వేలంలో 6.93 కోట్ల డాలర్లకు పోయినప్పుడు మన కుర్రాళ్లు ఎంతమంది ఎన్‌ఎఫ్‌టీల వెనక పరిగెత్తారో, ఆ తర్వాత ఆ మార్కెట్ ఎలా చతికిలపడిందో మీకు తెలుసు. వార్తలోని అంకె ఎప్పుడూ మార్కెట్ మొత్తాన్ని చూపించదు. కాలేజీ గేటు మీది ఫ్లెక్సీలో ఒక్కడి 40 లక్షల ప్యాకేజీ కూడా అలాంటి అంకే. మిగతా బ్యాచ్ సంగతి ఆ ఫ్లెక్సీలో ఉండదు.

కానీ ఎక్కువ ధర వేరు, మోసం వేరు. కాటెలన్ పండు కొన్నవాడికి తనేం కొంటున్నాడో అక్షరం అక్షరం తెలుసు. అంతా రాతలో ఉంది. మన దగ్గర ‘బ్యాక్‌డోర్ జాబ్’ అమ్మేవాడి దగ్గర ఒక్క కాగితం అడిగి చూడండి. మాట మారుతుంది, నంబరు మారుతుంది, ఆఖరికి ఆఫీసు అడ్రస్ కూడా మారుతుంది.

మన ఊరి లెక్క

మా బ్యాచ్‌లో ఒక మిత్రుడున్నాడు. డిప్లొమా తర్వాత బీటెక్‌లోకి వచ్చినవాడు, కోడింగ్‌లో మాకంటే ముందుండేవాడు. క్యాంపస్‌లో ఏదీ రాలేదు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ‘కంపెనీలో మా మనిషి ఉన్నాడు’ అన్నారు. ఇంట్లో గొలుసు తాకట్టు పెట్టి రెండు లక్షలు కట్టాడు. ఆఫర్ లెటర్ వచ్చింది, మూణ్నెల్లు ‘ట్రైనింగ్’ నడిచింది. ఒక రోజు వెళ్తే ఆఫీసుకు తాళం వేసి ఉంది. డబ్బు కంటే ఎక్కువగా వాణ్ని కుంగదీసింది ఇంట్లో ఏం చెప్పాలన్న భయం. ఏడాదిపాటు పండక్కి ఊరికి వెళ్లలేదు.

తెలివైనవాడు ఎందుకు కట్టాడు? తన తరఫున ఒక మాట చెప్పేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి. ఇంట్లో మొదటి తరం ఇంజినీరు. రిఫరల్ ఇచ్చే మేనమామ లేడు. శ్రీకాకుళం నుంచో, ఆదిలాబాద్ నుంచో వచ్చిన కుర్రాడికి హైటెక్ సిటీ అద్దాల భవనం ఎలా కనిపిస్తుందో, పేరు లేని ఆర్టిస్టుకు ఆర్ట్ బాసెల్ గేటు అలాగే కనిపిస్తుంది. ఆ ఒంటరితనాన్నే బ్రోకర్లు అమ్ముకుంటున్నారు. కాబట్టి మోసపోయినవాణ్ని ‘అత్యాశ’ అని తిట్టడం నాకు నచ్చదు.

2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తు చేసుకోండి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, డబ్బు కట్టించుకుని మన కుర్రాళ్లను అక్కడికి పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ నేరాలు చేయించారు. ఆ ఏజెంట్ల ఆదాయం విమానం ఎక్కకముందే వచ్చేసింది. దిగాక వీళ్లు ఏమైపోతే వాళ్లకేంటి?

అందుకే ఏ మధ్యవర్తి ఎదురొచ్చినా మొదట అడగాల్సింది ఒక్కటే. ముందు డబ్బు పెడుతున్నది ఎవరు? పేరున్న రిక్రూట్‌మెంట్ సంస్థలకు ఫీజు కంపెనీ ఇస్తుంది, అభ్యర్థి కాదు. మీ దగ్గర ముందే తీసుకునేవాడికి మీరే కస్టమర్, కంపెనీ కాదు. విదేశీ ఉద్యోగాలకైతే కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటే పంపాలి. అతను తీసుకోగలిగే సర్వీస్ ఛార్జీకి రూ.30 వేలు, దానిపై జీఎస్టీ పరిమితి ఉంది, దానికి రసీదు ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. లక్షలు అడిగాడంటే అక్కడే లేచి వచ్చేయండి.

డబ్బు కట్టడమే తప్పా?

కాదు. ఇక్కడ మురకామి చేసిన ఇంకో పని చెప్పాలి. 2002లో ఆయన టోక్యోలో ‘గెయిసాయ్’ అనే ఆర్ట్ ఫెయిర్ మొదలుపెట్టాడు. అందులో గ్యాలరీలతో పని లేదు. కుర్ర ఆర్టిస్టులే నేరుగా చోటు అద్దెకు తీసుకుని తమ పని పెట్టుకోవచ్చు. అక్కడ ఆర్టిస్టు డబ్బు కడుతున్నాడు కదా అంటారేమో. కడుతున్నాడు, కానీ చోటుకు కడుతున్నాడు. ‘నీ బొమ్మ అమ్మిపెడతాం’ అనే మాటకు కట్టడం లేదు.

తేడా అంతా ఇక్కడే ఉంది. జావా నేర్పినందుకు అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్‌కు ఫీజు కట్టడం తప్పు కాదు. నేర్చుకున్నది మీతో వస్తుంది. ఉద్యోగం ఇప్పిస్తామన్నందుకు కట్టేది గాలికి కట్టినట్టే. ఈ రెంటినీ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్ముతుంటే ‘ట్రైనింగ్‌కు ఎంత, ప్లేస్‌మెంట్‌కు ఎంత? విడివిడిగా రాసివ్వండి’ అని అడగండి. ఆ ప్రశ్నకు వచ్చే మొహమాటంలోనే సగం జవాబు ఉంటుంది.

కాలేజీలనూ ఇదే అడగాలి. చాలా చోట్ల సీఆర్‌టీ ఫీజు కడితేనే క్యాంపస్ డ్రైవ్‌కు కూర్చోనిస్తారు. శిక్షణకు ఫీజు తీసుకోవచ్చు. ఇష్టమున్నవాళ్లు కట్టుకుంటారు. కానీ డ్రైవ్‌లో కూర్చునే హక్కును దానికి ముడిపెట్టడం వ్యానిటీ గ్యాలరీ పద్ధతే. ఆ ముడి విప్పాలి. కంపెనీలను క్యాంపస్‌కు పిలిచే ఖర్చు కాలేజీ పెట్టుకోవాలి. పిల్లలు గెలిస్తే కాలేజీ పేరు పెరుగుతుంది, అడ్మిషన్లు పెరుగుతాయి. ఆ వాటా వాళ్లకు చాలదా?

గ్యాలరీలన్నీ ధర్మసత్రాలని నేననడం లేదు. సగం కమీషన్ ఎక్కువే. ఎంపిక చేసే కమిటీలో గ్యాలరీల వాళ్లే ఉండటం వల్ల కొత్త గ్యాలరీకి తలుపు తెరుచుకోవడం కష్టం. చిన్న ఊరి ఆర్టిస్టు ఆ తలుపు దాకా చేరడమే అరుదు. మన రిఫరల్ వ్యవస్థలోనూ ఇదే జబ్బు. తెలిసినవాళ్లకే తెలిసినవాళ్లు దొరుకుతారు. దీనికి మందు ఏజెంటు దగ్గర లేదు. మన దగ్గరే ఉంది.

ఒకటి, మీ గెయిసాయ్ మీరే పెట్టుకోండి. గిట్‌హబ్‌లో పూర్తి చేసిన రెండు ప్రాజెక్టులు, ఎవరైనా తెరిచి నడిపి చూడగలిగేవి, ఇరవై సర్టిఫికెట్ల కంటే మేలు. ఓపెన్ సోర్స్‌లో ఒక చిన్న బగ్ సరిచేసినా మీ పేరుతో రికార్డు మిగులుతుంది. మంచి స్టాల్‌లో గోడ నిండా బొమ్మలు కుక్కరు, నాలుగే పెడతారు. రెజ్యూమె కూడా అలాగే ఉండాలి.

రెండు, తలుపు ఒక్కటే ఉందనుకోవద్దు. ఒక ఫెయిర్ నడవాలంటే ఆర్టిస్టులొక్కళ్లే చాలరు. ప్రతి పని స్థితిని ఫొటోలతో నమోదు చేసే రిజిస్ట్రార్లు, ప్యాకింగ్ నిపుణులు, లైటింగ్ డిజైనర్లు, కస్టమ్స్ కాగితాలు చూసేవాళ్లు, ఏ పని ఎవరి చేతుల్లోంచి ఎవరికి వెళ్లిందో డేటాబేస్ కట్టే ప్రోగ్రామర్లు కావాలి. 2020 మార్చిలో కొవిడ్ వల్ల హాంకాంగ్ ఫెయిర్ రద్దయితే ఆర్ట్ బాసెల్ దాన్ని ఆన్‌లైన్ వ్యూయింగ్ రూములుగా మార్చింది. ఆ పని వెనకున్నది టెక్నాలజీ వాళ్లే. మీ డిగ్రీ పనికొచ్చే చోట్లు మీ బ్రాంచి పేరు మీద రాసి ఉండవు. హైదరాబాద్‌లో ఉంటే మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి ఒక ఆదివారం వెళ్లండి. బొమ్మలతో పాటు లైట్లు ఎలా పెట్టారో, లేబుల్ ఎలా రాశారో కూడా చూడండి.

మూడోది సీనియర్లకు. ఉద్యోగంలో కుదురుకుని రెండేళ్లయిందా? మీ కాలేజీ జూనియర్ ఒకడి రెజ్యూమె చదవండి. పని బాగుంటే రిఫర్ చేయండి, బాగోకపోతే ఎక్కడ బాగోలేదో చెప్పండి. పైసా తీసుకోవద్దు. మీ కంపెనీయే రిఫరల్ బోనస్ ఇస్తుంటే తీసుకోండి, ఎందుకంటే అది వాడు గెలిచాక వచ్చే డబ్బు. మీలాంటి సీనియర్ ఒకరు మా మిత్రుడికి ఆ ఏడాది దొరికి ఉంటే ఆ గొలుసు ఇంట్లోనే ఉండేది.

ఈ వారం ఎవరైనా మీకు ఫోన్ చేసి ‘సీటు ఒక్కటే ఉంది, సాయంత్రంలోగా కట్టాలి’ అంటే, కంగారు పడకుండా ఒక్క మాట అనండి. ‘మొదటి జీతం వచ్చాక ఇస్తా, ఇదే రాసుకుందాం.’ నిజంగా నమ్మినవాడైతే ఆలోచిస్తాడు. కానివాడు ఫోన్ పెట్టేస్తాడు.